సిబేలియస్ ఇల్లు ఐనోలా: ఎప్పుడు వెళ్ళాలి, ఎలా చూడాలి

ఫిన్లండ్ సంగీతకర్త జాన్ సిబేలియస్ 1904 సెప్టెంబరు 24న భార్యాపిల్లలతో హెల్సింకీ వదిలేసి, అక్కడికి ఉత్తరాన దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, తూసులా సరస్సు దగ్గర కట్టించుకున్న చెక్క ఇంట్లో దిగారు. 1957 సెప్టెంబరు 20న అదే ఇంట్లో కన్నుమూశారు. యుద్ధం రోజుల్లో, 1939 నుంచి 1941 దాకా, హెల్సింకీలో ఉన్నారు. అది తీసేస్తే మిగతా జీవితమంతా ఇక్కడే. ఇంటి పేరు ఐనోలా. భార్య ఐనో పేరు మీద పెట్టుకున్న పేరు అది. ఆవిడ 1969 దాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. 1972లో కుటుంబం దగ్గర్నుంచి ప్రభుత్వం కొనుక్కుని, 1974లో జనం చూడడానికి తెరిచింది.

హెల్సింకీ, ఎస్పో చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకున్నప్పుడు ఎక్కడెక్కడికి తీసుకెళ్దామా అని వెతుక్కుంటారు. ఐనోలా దగ్గరే కాబట్టి చాలామంది జాబితాలో ఉంటుంది. కానీ ఊరికే వెళ్తే పాత పియానో, పాత కుర్చీలు, గోడల మీద బొమ్మలు చూసి అరగంటలో బయటికి వచ్చేస్తారు. అది ఆ ఇంటి తప్పు కాదు. ఆ ఇల్లు దాచిపెట్టుకున్నది ఒక నిశ్శబ్దాన్ని. దాన్ని ఆయన కోరుకున్నారు, ఐనో కష్టపడి కాపాడారు. ఈ రెండో సంగతి పట్టుకుని వెళ్తే ఇల్లంతా వేరేగా కనపడుతుంది. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీ చూసుకోండి

ఐనోలా ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. మే నుంచి సెప్టెంబరు దాకానే. సోమవారం మూసి ఉంటుంది. యుహన్నుస్ పండగ, అంటే జూన్ మూడో నాలుగో వారాంతంలో వచ్చే నడివేసవి పండగప్పుడు, ఫిన్లండ్ మొత్తం సెలవు తీసుకుంటుంది. ఆ రెండు మూడు రోజులు వదిలేయండి. ఏ ఏడాదికి ఆ ఏడాది వేళలు, టికెట్ ధర మారుతుంటాయి, మరమ్మతులూ వస్తుంటాయి. కాబట్టి బయల్దేరే ముందు ఐనోలా సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, రెండేళ్ళ కిందట ఎవరో రాసిన సమీక్షలు నమ్ముకోకండి.

నన్నడిగితే రెండు కాలాలు మంచివి. ఒకటి మే చివర, జూన్ మొదట్లో. తోటలో ఆపిల్ చెట్లు పూసే రోజులు అవి. చలి ఇంకా పూర్తిగా పోదు గానీ వెలుతురు రాత్రి దాకా ఉంటుంది. రెండోది సెప్టెంబరు. రద్దీ తగ్గుతుంది, చెట్లు పసుపూ ఎరుపూ రంగులు తిరుగుతాయి, క్రౌంచ పక్షులు గుంపులు గుంపులుగా దక్షిణానికి వెళ్ళిపోతుంటాయి. చనిపోవడానికి రెండు రోజుల ముందు సిబేలియస్ అలా వెళ్తున్న గుంపును పొద్దుటి నడక నుంచి తిరిగి వస్తూ చూశారనీ, అందులోంచి ఒక పక్షి విడిపోయి ఇంటి మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ గుంపులో కలిసిందనీ ఆయన జీవితం గురించి చెప్పేవాళ్ళందరూ చెప్తారు. పక్షులంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

జూలై కూడా బాగానే ఉంటుంది కానీ దోమలుంటాయి, టూరిస్టు బస్సులుంటాయి. డిసెంబరు 8 ఆయన పుట్టినరోజు, ఫిన్లండ్‌లో ఆ రోజు జెండా ఎగరేస్తారు, ఫిన్నిష్ సంగీత దినంగా జరుపుకుంటారు. ఆ రోజు ఐనోలా చూద్దామని మాత్రం అనుకోకండి, చలికాలం ఇల్లు మూసి ఉంటుంది.

వెళ్ళే ముందు వినాల్సినవి

దీన్ని దాటేయకండి. సంగీతకర్త ఇంటికి ఆయన సంగీతం చెవిలో లేకుండా వెళ్తే అక్కడ చూసేది సామాను మాత్రమే. వెళ్ళే ముందు ఒక వారం, పది రోజులు పెట్టుకోండి. రోజుకొకటి, వంట చేస్తూనో ఆఫీసు పని చేస్తూనో కాకుండా, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని వినండి.

మనలో చాలామందికి పాశ్చాత్య సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం వాయించే పొడవాటి కృతి, అలవాటు లేదు. పల్లవి ఉండదు, మాట ఉండదు, ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. కానీ చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని మెల్లగా రాగాన్ని విప్పుకుంటూ పోయే ఆలాపన వినే అలవాటు ఉన్నవాళ్ళకి సిబేలియస్ మిగతావాళ్ళ కన్నా తొందరగా అందుతారని నా నమ్మకం. ఆయన పద్ధతి కూడా కొంత అలాంటిదే. మొదట్లో నాలుగైదు స్వరాల ముక్క ఒకటి వదులుతారు, అది పెరిగి పెరిగి చివరికి పెద్ద రూపం తీసుకుంటుంది.

ఇంటికి రాకముందు రాసిన ‘ఫిన్లాండియా’తో మొదలుపెట్టండి, ఎనిమిది తొమ్మిది నిమిషాలే. దేశం మొత్తం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది దీంతోనే. ఆ తర్వాత వయొలిన్ కచేరీ కృతి. దాని మొదటి రూపం 1904లో హెల్సింకీలో వాయించారు, అది నచ్చక ఐనోలాకి వచ్చాక 1905లో తిరగరాశారు. మనం ఇవాళ వినేది ఆ తిరగరాసిందే.

ఆపైన ఐదో సింఫనీ. దీన్ని రెండుసార్లు వినండి. 1915 ఏప్రిల్ 21న, పొద్దున్న పదకొండు కావడానికి పది నిమిషాల ముందు, సిబేలియస్ 16 హంసల్ని చూశారు. అవి చాలాసేపు ఆయన తల మీద చుట్లు తిరిగి, ఎండమంచులోకి వెళ్ళిపోయాయి. ఆ రోజు డైరీలో అది తన జీవితంలోని గొప్ప అనుభవాల్లో ఒకటని రాసుకున్నారు. ఐదో సింఫనీ చివరి భాగంలో హార్న్‌లు అనే ఇత్తడి వాద్యాలు ఊగుతున్నట్టు వాయించే మెలడీ ఆ హంసలదే. అది ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోనక్కర్లేదు, వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. ముగింపు మాత్రం జాగ్రత్తగా వినండి. ఆరు పెద్ద దెబ్బలు, ఒక్కో దెబ్బకీ మధ్య ఏమీ లేదు. మొదటిసారి వినేవాళ్ళు మధ్యలోనే అయిపోయిందనుకుంటారు. ఆ ఖాళీలు ఆయన కావాలని పెట్టినవి.

తర్వాత నాలుగో సింఫనీ, 1911లో వచ్చింది. ఇది కష్టం. 1908లో ఆయన గొంతులో కణితికి బెర్లిన్‌లో ఆపరేషన్ చేశారు. మళ్ళీ వస్తుందేమో అన్న భయం ఏళ్ళ తరబడి ఉండింది. మద్యం, చుట్టలు దాదాపు ఏడేళ్ళు మానేశారు. ఆ రోజుల్లో రాసిన సింఫనీ ఇది, చీకటిగా, పొదుపుగా ఉంటుంది. మొదటిసారి నచ్చకపోతే వదిలేయండి, ఇంటి నుంచి వచ్చాక వినండి.

చివరికి ఏడో సింఫనీ, 1924. ఒకే భాగం, ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ వెంటనే 1926లో రాసిన ‘తపియోలా’. ఫిన్నిష్ పురాణాల్లోని అడవి దేవుడి పేరు మీద రాసిన కృతి, దాదాపు మొత్తం ఒకే చిన్న బీజం నుంచి మొలుస్తుంది. ‘తపియోలా’ తర్వాత పెద్ద కృతి ఏదీ బయటికి రాలేదు. ఆయన మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికారు. ఐనోలా లోపల అడుగుపెట్టేటప్పుడు ఈ ముప్ఫై ఏళ్ళు మీ తలలో ఉండాలి.

రైలు, టికెట్, నడక

హెల్సింకీ సెంట్రల్ నుంచి ఉత్తరానికి పోయే లోకల్ రైలు ఎక్కాలి. దిగాల్సిన స్టేషన్ పేరు కూడా ఐనోలానే. అంతకుముందు ఆ స్టేషన్ క్యురోలా, 2015లో సిబేలియస్ 150వ జయంతికి పేరు మార్చారు. ప్రయాణం అరగంట పైన పడుతుంది. దూరప్రాంతపు రైళ్ళు అక్కడ ఆగవు కాబట్టి యాప్‌లో స్టేషన్ పేరు పెట్టి మరీ వెతకండి.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినే చోటు టికెట్. హెల్సింకీలో మెట్రోకీ ట్రామ్‌కీ వాడే హెచ్ఎస్ఎల్ పాస్ కెరవా దాకానే పనిచేస్తుంది. ఐనోలా స్టేషన్ ఉన్న యార్వెన్‌పా ఆ పరిధి బయట ఉంది. రైల్వే సంస్థ వీఆర్ టికెట్ విడిగా కొనాలి. విమానం దిగి నేరుగా వెళ్ళాలనుకుంటే హెల్సింకీ దాకా పోనక్కర్లేదు, తిక్కురిలాలో రైలు మారితే చాలు.

స్టేషన్ నుంచి ఇంటికి అరగంట లోపే నడక. దారంతా చదునే, చెట్ల నీడ ఉంటుంది. పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులుంటే ఐనోలా స్టేషన్‌లో దిగకండి. ఒక స్టేషన్ ముందుకెళ్ళి యార్వెన్‌పాలో దిగి టాక్సీ మాట్లాడుకోండి, అది కాస్త పెద్ద ఊరు. వేసవి అయినా పల్చటి స్వెటర్, గాలివాన ఆగే జాకెట్ సంచిలో ఉండాలి. కాళ్ళకి బూట్లు. తోటలో, అడవి దారిలో చీర కుచ్చిళ్ళు తడుస్తాయి, అమ్మకి ముందే చెప్పండి.

తిండి సంగతి: అక్కడ కాఫీ, బన్ను దొరికే చిన్న కేఫ్ ఉంది. కడుపు నిండే భోజనం కావాలంటే పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్ళి, ఇల్లు చూసేశాక యార్వెన్‌పాలో సరస్సు ఒడ్డున కూర్చుని తినండి. ఐనోలా తోటలో ఆయన సమాధి ఉంది కాబట్టి అక్కడ డబ్బాలు విప్పకండి.

ఇంట్లోకి వెంటనే వెళ్ళకండి

టికెట్ తీసుకున్నాక అందరూ తిన్నగా ఇంటి మెట్ల వైపు నడుస్తారు. మీరు ముందు తోట చుట్టూ తిరగండి.

సౌనా, అంటే ఆవిరిస్నానపు గది, దగ్గరికి వెళ్ళండి. విడిగా ఉన్న చిన్న చెక్క కట్టడం అది. స్నానాలూ బట్టలుతుక్కోవడమూ అన్నీ అక్కడే. 1905లో కట్టారు, దాని ప్లాన్ గీసింది ఐనో. దగ్గర్లోనే బావి. సిబేలియస్ బతికున్నంత కాలం ఇంట్లోకి నీళ్ళ పైపు వేయనివ్వలేదు. పైపుల్లో నీళ్ళు పారే చప్పుడు ఆయనకి పడదు. ఇది చదివి చాలామంది నవ్వుకుంటారు, మేధావి అన్నాక ఇలాంటివి మామూలే అంటారు. మీరు బావి దగ్గర నిలబడి ఇల్లు ఎంత దూరం ఉందో చూడండి. ఐదుగురు ఆడపిల్లలున్న ఇల్లు. ఈవా, రూత్, కతరీనా ఈ ఇంటికి వచ్చేటప్పటికే పుట్టారు, మార్గరెతా 1908లో, హైదీ 1911లో. ఇంకో పాప కిర్‌స్తి 1900లోనే, ఏడాది దాటీ దాటకముందే పోయింది. అంతమంది పిల్లల వంటకీ స్నానాలకీ ఉతుకుడుకీ నీళ్ళు చేదాలి, మోయాలి. మంచు గడ్డకట్టే ఫిన్లండ్ చలికాలంలో కూడా. పైపు చప్పుడు లేని ఇల్లు కావాలంటే దాని బరువు ఎవరో మోయాలి.

తర్వాత తోట. ఐనో పెంచింది. కూరగాయలు, పళ్ళు, పూలు. దీన్ని సరదా తోటపని అనుకోకండి. సిబేలియస్‌కి పేరు ఎంతుందో అప్పులూ అంతే ఉండేవి. ప్రభుత్వం ఇచ్చే వార్షిక భృతి ఆయన ఖర్చుకి చాలేది కాదు. హెల్సింకీ హోటళ్ళలో స్నేహితులతో రోజుల తరబడి కూర్చుండిపోయేవారు. ఇంట్లో పిల్లలకి కూర పెట్టింది ఈ మడులే. ఐనో పెద్ద కుటుంబంలో పుట్టిన మనిషి. తండ్రి జనరల్ అలెగ్జాండర్ యార్నెఫెల్ట్. అన్నదమ్ముల్లో అర్విద్ రచయిత, ఎయెరో చిత్రకారుడు, అర్మాస్ సంగీత నిర్వాహకుడు. ఆ ఇంటి ఆడపిల్ల ఇక్కడికి వచ్చి మట్టి తవ్వారు, పిల్లల్ని బడికి పంపకుండా చాలాకాలం తనే చదువు చెప్పారు. 1907లో ఒంట్లో, మనసులో ఓపిక పూర్తిగా అయిపోయి హ్యువిన్‌క్యా శానటోరియంలో చేరాల్సి వచ్చింది. భర్త తాగుడు, అప్పులు అందుకు పెద్ద కారణాలు. మళ్ళీ తిరిగి వచ్చారు. ఈ మడుల మధ్య నడుస్తూ ఇదంతా గుర్తు చేసుకోండి.

సరస్సు కనపడుతుందేమో కూడా ఇక్కడి నుంచే చూడండి. ఇల్లు కట్టిన లార్స్ సొంక్ అనే ఆర్కిటెక్ట్‌ని సిబేలియస్ రెండే అడిగారని చెప్తారు: సరస్సు కనపడాలి, భోజనాల గదిలో ఆకుపచ్చ ఫైర్‌ప్లేస్ ఉండాలి. సరస్సు ఇప్పుడు చెట్ల చాటుకి పోయింది. ఫైర్‌ప్లేస్ ఉంది, లోపలికి పదండి.

లోపల: ఏ గదిలో ఎంతసేపు

సందర్శకులకి చూపించేది కింది అంతస్తు. 1911లో పై అంతస్తు పూర్తయ్యాక ఆయన పని గది అక్కడికి మారింది, ముసలితనంలో మళ్ళీ కిందికి వచ్చింది. ఫోటోలు తీసుకోవచ్చో లేదో తలుపు దగ్గరే అడగండి. గైడ్ ఉంటే వినండి, కానీ గుంపు ముందుకి వెళ్ళనిచ్చి మీరు వెనక నిలబడండి. గుంపు కదిలిపోయాక గది మీదవుతుంది. చెక్క ఇల్లు కాబట్టి అడుగుల చప్పుడు బాగా వినపడుతుంది. అలాంటి ఇంట్లో నాన్న పని చేసుకుంటున్నంతసేపూ పిల్లలు వాద్యం ముట్టుకోకూడదు. ఆయన నడకకి బయటికి వెళ్ళినప్పుడే వాళ్ళ పియానో సాధన. ఆయన ఎక్కువగా తలలోనే కూర్చుకునేవారు, గంటల కొద్దీ అడవిలో నడుస్తూ. అందుకే ఇంట్లో చిన్న చప్పుడైనా కట్టుకున్నదంతా చెదిరిపోయేది.

హాల్లో ఉన్న స్టైన్‌వే పియానో ఆయన 50వ పుట్టినరోజుకి, 1915 డిసెంబరు 8న, స్నేహితులు చందాలు వేసుకుని ఇచ్చింది. ఆ పుట్టినరోజుని దేశం పండగలా చేసుకుంది, ఐదో సింఫనీ మొదటి రూపం వాయించింది కూడా ఆ రోజే. అంత ఘనంగా ఇచ్చిన పియానోని అప్పుల కింద జప్తు చేసుకుపోయే పరిస్థితి వస్తే, ఈడా ఎక్మన్ అనే గాయని డబ్బు పోగుచేసి ఆపారు. పియానో ముందు నిలబడినప్పుడు సన్మానం, జప్తు రెండూ కలిపి చూడండి, ఆ ఇంటి బతుకు అర్థమవుతుంది. గోడల మీద బొమ్మల్లో ఐనో అన్న ఎయెరో యార్నెఫెల్ట్ వేసినవి, సిబేలియస్ స్నేహితుడు అక్సెలి గాలెన్-కల్లెలా వేసినవి వెతకండి. ఇవి మ్యూజియం వాళ్ళు తెచ్చి తగిలించినవి కావు. ఇంట్లో మనుషులు, స్నేహితులు ఇచ్చినవి.

భోజనాల గదిలో మాత్రం ఆగండి. తొందర ఉంటే మిగతావన్నీ పావుగంటలో ముగించి ఇక్కడ పావుగంట ఉండండి.

ఆకుపచ్చ ఫైర్‌ప్లేస్ ఇక్కడే. సిబేలియస్‌కి స్వరాలు రంగుల్లో కనపడేవి, రంగులు స్వరాల్లో వినపడేవి. ఈ ఆకుపచ్చ ఆయనకి ఎఫ్ మేజర్. మన లెక్కలో చెప్పుకోవాలంటే నాలుగు శ్రుతికి షడ్జమం పెట్టుకుని శంకరాభరణం మెట్లు ఎక్కినట్టు. సంగీతం పాడే పిల్లలు మీతో ఉంటే ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని, బయటికి వచ్చాక ఒకసారి పాడించండి. అదే స్వరాలు ఆయన కంటికి ఈ రంగులో కనపడ్డాయి.

ఇంకో సంగతి. ఎనిమిదో సింఫనీ. 1930ల్లో దాని కోసం లండన్, బోస్టన్ ఎదురుచూశాయి. 1933లో మొదటి భాగం సాపు ప్రతి రాయించడానికి పంపిన ఆధారాలు ఉన్నాయి, అంటే ఎంతో కొంత రాశారు. కానీ ఇవ్వలేదు. ఏడాదికేడాది వాయిదా. 1940ల్లో ఒక రోజు చాలా రాతప్రతుల్ని బట్టల బుట్టలో వేసుకుని ఈ గదిలోకి తెచ్చి మంటలో వేసేశారు. ఈ సంగతి మనకి తెలిసింది ఐనో చెప్పబట్టే. ఆవిడ ఆ గదిలో ఉండలేకపోయారు, బయటికి వెళ్ళిపోయారు. ఏ కాగితాలు కాలాయో తను చూడలేదన్నారు. ఆ తర్వాత ఆయన మనసు తేలికపడిందనీ, నెమ్మదించారనీ కూడా ఆవిడే చెప్పారు.

నాకు ఈ గదిలో ఎప్పుడూ ఆవిడ వెళ్ళిపోయిన తలుపే కనపడుతుంది. అంతకు ముందు నలభై ఏళ్ళు నీళ్ళు మోసి, పిల్లల్ని గుసగుసల్లో మాట్లాడించి, ఆ సంగీతం కోసం ఇంటిని మౌనంగా ఉంచిన మనిషి ఆవిడ. కాలిపోయిన దానిలో ఆవిడ కష్టం కూడా ఉంది. ఈ సింఫనీకి సంబంధించినవని అనుకుంటున్న చిత్తు రాతలు కొన్ని ఇప్పుడు ఫిన్లండ్ జాతీయ లైబ్రరీలో ఉన్న కాగితాల్లో దొరికాయి. 2011లో హెల్సింకీ ఫిల్హార్మోనిక్ వాటిని వాయించింది, మొత్తం కలిపి సుమారు మూడు నిమిషాలు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ముందు వినకండి, ఈ గది చూశాక, తిరుగు రైల్లో వినండి.

పని గదిలో ఆయన బల్ల ఉంది. ముందు గదుల్లో ఓపిక పెట్టి చూసుంటే ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు.

సమాధి దగ్గర

ఇంటి నుంచి బయటికి వచ్చి తోటలోకి నడిస్తే నేలకి ఒదిగి పరుచుకున్న పెద్ద కంచు పలక కనపడుతుంది. గీసింది ఆయన చిన్న కూతురు హైదీ భర్త, ఆర్కిటెక్ట్ ఔలిస్ బ్లోమ్‌స్తెద్త్. పలక మీద సిబేలియస్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఐనో పేరు చిన్నగా ఉంది, వెతికి చదవండి. ఆవిడ 97 ఏళ్ళు బతికి, ఆయన పోయిన పన్నెండేళ్ళకి ఇక్కడికే చేరారు.

ఆయన పోయిన సాయంత్రం హెల్సింకీలో బ్రిటిష్ సంగీత నిర్వాహకుడు మాల్కమ్ సార్జెంట్ ఐదో సింఫనీ నిర్వహిస్తున్నారు, రేడియోలో వస్తోంది. పిల్లలకి ఈ సంగతి ఇక్కడే చెప్పండి, హంసల మెలడీ విని వచ్చిన పిల్లలైతే మళ్ళీ మర్చిపోరు. పూలు పెట్టాలనుకుంటే ముందు సిబ్బందిని అడగండి. పలక మీద కూర్చోనివ్వకండి, కాలు పెట్టనివ్వకండి. మనకి ఇది చెప్పక్కర్లేదు గానీ, నేలకి సమంగా ఉండడంతో చిన్నపిల్లలు అరుగు అనుకుని ఎక్కేస్తారు.

ఇంకా టైమ్ ఉంటే

ఐనోలా ఒంటరి ఇల్లు కాదు. 1900 ప్రాంతంలో తూసులా సరస్సు ఒడ్డున కళాకారులు వరసగా ఇళ్ళు కట్టుకున్నారు. నవలాకారుడు యుహాని ఆహో, ఆయన భార్య, చిత్రకారిణి వెన్నీ సోల్దాన్-బ్రోఫెల్త్ ఉన్న ఆహోలా మ్యూజియంగా ఉంది. అన్నిటికన్నా చూడాల్సింది హలొసెన్‌నియెమి, చిత్రకారుడు పెక్క హలొనెన్ 1902లో దుంగలతో కట్టుకున్న ఇల్లు. సరస్సులోకి చొచ్చుకుపోయిన రాతి మీద ఉంటుంది, ఎత్తైన కిటికీలు. ఐనోలా నుంచి కనపడని సరస్సు అక్కడ తనివితీరా కనపడుతుంది. సైకిల్ తొక్కగలిగినవాళ్ళు ఒడ్డు వెంబడి పాత రోడ్డు మీద వెళ్ళండి. లేదంటే బస్సు, టాక్సీ. ఎయెరో యార్నెఫెల్ట్ ఇల్లు సువిరంతా కూడా దగ్గర్లోనే ఉంది, కానీ అది చూడడానికి తెరిచిన ఇల్లు కాదు. గేటు దగ్గర నిలబడి తొంగిచూడకండి.

మీరు వెళ్ళేది సెప్టెంబరు దాటిన తర్వాత అయితే, అదే రైలు దారిలో ఇంకా ఉత్తరానికి పోయి హమీన్‌లిన్నాలో దిగండి. ఆయన 1865లో పుట్టిన ఇల్లు అక్కడ మ్యూజియంగా ఉంది, వేళలు వేరు, అవీ ముందే చూసుకోండి. పశ్చిమాన తుర్కు వైపు వెళ్ళే పనుంటే అక్కడ సిబేలియస్ మ్యూజియం ఉంది. అందులో పాత వాద్యాల సేకరణ కూడా పెద్దది, వీణో వయొలినో నేర్చుకుంటున్న పిల్లలు అక్కడ్నుంచి కదలరు. హెల్సింకీలోనే ఉండిపోవాల్సి వస్తే సిబేలియస్ పార్కులో ఎయిలా హిల్తునెన్ చేసిన స్మారకం చూడొచ్చు. 1967 నాటిది, 600కి పైగా ఉక్కు గొట్టాలు. టికెట్ లేదు, ఏ వేళైనా వెళ్ళొచ్చు, గాలి వీచే రోజైతే మరీ మంచిది.